వణుకు గురించి అడుగుతారు, మింగుడు గురించి ఎవరూ అడగరు

సంపాదకుల వారికి నమస్కారం.

ఏటా ఏప్రిల్ 11న పార్కిన్సన్స్ దినం వస్తుంది, పేపర్లలో వణికే చేతి బొమ్మతో ఒక వ్యాసం వస్తుంది, నడక మందగించడం, ముఖంలో కళ తగ్గడం, మందులు టైముకి వేసుకోవడం, అన్నీ రాస్తారు, మంచిదే. మింగుడు గురించి మాత్రం అడుగున ఎక్కడో ఒక ముక్క ఉంటుంది, ఒక్కోసారి అదీ ఉండదు. ఈ జబ్బులో చాలామందికి ప్రాణం మీదికి తెచ్చేది అదేనండి. అన్నవాహికలోకి పోవలసిన మెతుకో, నీటి చుక్కో దారి తప్పి ఊపిరితిత్తుల్లోకి జారుతుంది, అక్కడ న్యూమోనియా కడుతుంది. పార్కిన్సన్స్ ఉన్నవాళ్ళ మరణాలకు ముఖ్య కారణాల్లో ఈ న్యూమోనియా ఒకటని డాక్టర్లకు తెలుసు. పక్కన కూర్చుని అన్నం పెట్టే ఇంట్లోవాళ్ళకు తెలియదు. అందుకే ఈ ఉత్తరం, కాస్త పొడుగైనా దయచేసి వేయండి.

మాది కోనసీమ. నేను హైస్కూల్లో టీచరుగా చేసి రిటైరయ్యాను. మావారు కొబ్బరి వ్యాపారం చేసేవారు, అంబాజీపేట మార్కెట్లో రాశి పక్కన నిలబడి ఆయన ధర చెబితే అవతల లారీ ఎక్కించేవాళ్ళకి కూడా వినపడేది. పార్కిన్సన్స్ అని తేలాక మొదట తగ్గింది ఆ గొంతే. ఫోన్లో అవతలివాళ్ళు "ఎవరండీ, కాస్త గట్టిగా మాట్లాడండి" అనడం మొదలైంది. తర్వాత పెదవి మూల తడి, దిండు మీద తడి. ఆ తర్వాత పప్పుచారు అన్నం దగ్గర దగ్గు. గొంతు తగ్గడం, చొంగ కారడం, తింటుంటే దగ్గు, ఇవి మూడు వేరువేరు సంగతులని మేము అనుకునేవాళ్ళం, డాక్టరు గారి దగ్గరికి వెళ్ళినప్పుడు చెప్పాలని కూడా తోచదు కదా, ఆయన వేళ్ళు ఆడించమంటారు, నడిచి చూపించమంటారు, బిళ్ళ సగం పెంచుతారు, బయట బెంచీల మీద ఇంకా యాభై మంది. భోజనం ఎలా చేస్తున్నారు, ఎంతసేపు పడుతోంది, దగ్గు వస్తోందా అన్న ప్రశ్న ఆ గదిలో ఎప్పుడూ రాలేదు. ఆ డాక్టరు గారి మీద నాకు గౌరవమే ఉంది. నా బాధంతా ఆ ప్రశ్న అడగడం ఎవరి పనీ కాకుండా పోవడం గురించే.

మన ఇళ్ళల్లో ఎవరికైనా పొలమారితే ఏం చేస్తాం? ఎవరో తలుచుకుంటున్నారని నెత్తి మీద రెండు తట్లు తట్టి, వెంటనే గ్లాసు నీళ్ళు చేతిలో పెడతాం. పైగా మనలో చాలామందికి గ్లాసు పెదవికి తగలకుండా తల వెనక్కి వాల్చి ఎత్తి పోసుకోవడం అలవాటు. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకి ఫరవాలేదు. పార్కిన్సన్స్ ఉన్నవాళ్ళలో చాలామందికి మింగడానికి అన్నిటికంటే కష్టమైనవి పల్చటి నీళ్ళే, ఎందుకంటే అవి గొంతు సిద్ధమయ్యేలోపే జారిపోతాయి. తల వెనక్కి వాల్చితే గాలి దారి ఇంకా తెరుచుకుని ఉంటుంది. అంటే పొలమారిన మనిషికి మనం ప్రేమతో ఇచ్చే ఆ గ్లాసే రెండోసారి పొలమారడానికి కారణం కావచ్చు. దగ్గుతున్న మనిషిని కాస్త ముందుకి వంచి దగ్గనివ్వాలి, దగ్గు పూర్తిగా ఆగి ఊపిరి సర్దుకున్నాకే ఏదైనా నోటికి ఇవ్వాలి. ఒకవేళ దగ్గలేక, మాట రాక, ముఖం నల్లబడుతోందంటే అది వేరు, అప్పుడు వెంటనే ముందుకి వంచి రెండు భుజాల మధ్య అరచేత్తో గట్టిగా కొట్టాలి, ఎవరో ఒకరు 108కి ఫోన్ చేయాలి.

అసలు లోపల జరిగేది ఏమిటో తెలిస్తే వ్యాయామం ఎందుకో కూడా తెలుస్తుంది. గొంతుముడి మీద వేలు పెట్టుకుని ఒకసారి గుటక వేసి చూడండి, అది పైకి లేచి మళ్ళీ దిగుతుంది. ఆ లేవడంలోనే ఊపిరి ఒక్క క్షణం ఆగుతుంది, గాలి గొట్టం మూత పడుతుంది, అన్నవాహిక నోరు తెరుచుకుంటుంది, కాలవ లాకుల దగ్గర ఒక తలుపు మూసి ఇంకో తలుపు ఎత్తినట్టుగా. ముప్పైకి పైగా కండరాలు వరస తప్పకుండా పనిచేస్తేనే ఒక గుటక. చేతిని బిగుసుకుపోయేలా చేసి నెమ్మది చేసిన జబ్బే ఈ కండరాలనీ నెమ్మది చేస్తుంది. నాలుక ముద్దని వెనక్కి నెట్టలేక ముందుకీ వెనక్కీ ఆడుతూ ఉంటుంది, గుటక ఆలస్యంగా మొదలవుతుంది, కొంత గొంతులోనే మిగిలిపోతుంది. చొంగ కారడం కూడా నోట్లో ఎక్కువ ఊరడం వల్ల కాదు, ఊరింది ఎప్పటికప్పుడు మింగకపోవడం వల్ల.

ఇందులో మహా ప్రమాదమైనది, దగ్గు కూడా రాకపోవడం. గొంతులో స్పర్శ మందగించిన వాళ్ళకి నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి పోతున్నా దగ్గు రాదు. పక్కింటావిడ "మా మావయ్యగారికి దగ్గే లేదండీ, బాగా తింటున్నారు" అంటే నాకు గుండె ఝల్లుమంటుంది. అంతకుముందు జరిగిన పరిశోధనలన్నీ కలిపి 2012లో లెక్క చూస్తే, మింగడంలో ఇబ్బంది ఉందా అని అడిగినప్పుడు రోగుల్లో సుమారు మూడో వంతు మందే ఉందన్నారు, పరీక్ష చేసి చూస్తే ప్రతి ఐదుగురిలో నలుగురికి ఎంతో కొంత తేడా కనిపించింది. ఆ మధ్యలో ఉన్నవాళ్ళెవరికీ తమకి ఇబ్బంది ఉందన్న సంగతే తెలియదన్నమాట. ఇదేమీ నిన్న మొన్న కనిపెట్టింది కాదు, 1817లో లండన్‌లో జేమ్స్ పార్కిన్సన్ ఈ జబ్బు గురించి మొదట రాసినప్పుడే చొంగ కారడం, మింగలేకపోవడం రెండూ రాశారు. రెండు వందల ఏళ్ళు దాటినా మన ఓపీ చీటీలో దానికి ఒక గడి లేదు.

ఇప్పుడు వ్యాయామం సంగతి. మా అదృష్టం కొద్దీ, మావారికి రెండోసారి జ్వరంతో కూడిన రొంప పట్టినప్పుడు ఒక డ్యూటీ డాక్టరమ్మ స్పీచ్ థెరపిస్టుకి చూపించమంది. స్పీచ్ థెరపీ అంటే మాటలు రాని పిల్లలకి అనే మన ఊళ్ళో అందరి ఉద్దేశం. మాటకీ మింగుడుకీ వాడే కండరాలు చాలావరకు ఒకటే కాబట్టి మింగుడు చికిత్స కూడా వాళ్ళ చదువులో భాగమే. ఆ థెరపిస్టు చిన్న పిల్ల, ముందు ఆయన గొంతు మీద రెండు వేళ్ళు ఆనించి మింగమంది. తర్వాత రెండు చెంచాల నీళ్ళిచ్చి "బాబాయ్ గారూ, ఇప్పుడు ఆ... అని పలకండి" అంది. గొంతు తడిగా, గురగురమంటూ వచ్చింది. "అదిగో ఆంటీ, ఆ తడి గొంతు విన్నారా, నీళ్ళు ఇంకా అక్కడే ఉన్నాయన్నమాట, ఇంట్లో కూడా ఇలాగే వినండి" అని నాకు చూపించింది. అంతకంటే పనికొచ్చే పాఠం నాకు ఇంకెవరూ చెప్పలేదు. ఆ తర్వాత ముక్కులోంచి సన్న కెమెరా పంపి చూసే పరీక్ష చేయించారు. బేరియం కలిపిన తిండి తినిపిస్తూ ఎక్స్‌రేలో వీడియో తీసే పరీక్ష కూడా ఉంది, ఏది కావాలో వాళ్ళే చెబుతారు.

ఆయనకి నేర్పిన వాటిలో మొదటిది బలంగా మింగడం. నాలుకని అంగిలికి గట్టిగా ఒత్తి, గొంతు కండరాలన్నీ బిగించి, కావాలని, మనసు పెట్టి మింగడం. పార్కిన్సన్స్‌లో పోయేది తనంతట తానే జరిగిపోయే కదలిక, మనసు పెట్టి చేసే కదలిక చాలావరకు మిగిలే ఉంటుంది, నడకలో "పెద్ద అడుగు వేయండి" అని చెబితే వేస్తారు చూడండి, ఇక్కడా అదే సూత్రం. రెండోది, గుటక వేసేటప్పుడు గొంతుముడి పైకి లేచిన చోటే రెండు మూడు క్షణాలు నిలబెట్టి ఉంచడం, దాన్ని మెండెల్సన్ పద్ధతి అంటారు. ఇది రావడానికి మావారికి చాలా రోజులు పట్టింది, అద్దం ముందు కూర్చుని తన వేలు తన గొంతు మీద పెట్టుకుని సాధించారు. మూడోది నాలుక కొనని పళ్ళ మధ్య పట్టుకుని ఉమ్మి మాత్రమే మింగడం. ఇది నోట్లో తిండి ఉన్నప్పుడు చేయకూడదు, ఆ పిల్ల మరీ మరీ చెప్పింది. వెల్లకిలా పడుకుని భుజాలు లేపకుండా తల మాత్రం ఎత్తి కాలి వేళ్ళు చూసే షేకర్ వ్యాయామం కూడా ఉంది కానీ మావారికి మెడ ఎముకల అరుగుదల ఉండడం వల్ల వద్దన్నారు. గడ్డం కిందికి దించి మింగమనడం కూడా అందరికీ పనికిరాదు, కొందరికి మేలు, కొందరికి కీడు. అందుకే యూట్యూబ్ చూసి మొదలుపెట్టకండి అని నా మనవి.

నాలుగోది ఊదడం. బలంగా ఊదితే తప్ప తెరుచుకోని స్ప్రింగ్ మూత ఉన్న చిన్న గొట్టం ఒకటుంటుంది, ఎంత బలం కావాలో మనిషిని బట్టి థెరపిస్టు బిగిస్తారు. ఊదితే మింగుడు ఎలా బాగుపడుతుందని నేనూ అడిగాను. గట్టిగా ఊదేటప్పుడు గడ్డం కింద బిగుసుకునే కండరాలే గుటకలో గొంతుముడిని పైకి లాగుతాయి, పైగా దగ్గుకి బలం వస్తుంది, దగ్గుకి బలం ఉంటే దారి తప్పిన చుక్కని బయటికి తోసేయవచ్చు. దీని మీద అమెరికాలో ఫ్లోరిడాలో చేసిన పరిశోధన 2010లో న్యూరాలజీ అనే పత్రికలో వచ్చింది. 60 మంది పార్కిన్సన్స్ రోగుల్లో కొందరికి అసలు పరికరం, కొందరికి చూడడానికి అలాగే ఉన్నా స్ప్రింగ్ పనిచేయనిది ఇచ్చారు. రోజుకి ఐదేసి చొప్పున ఐదు దఫాలు, వారానికి ఐదు రోజులు, నాలుగు వారాలు. అసలు పరికరంతో ఊదినవాళ్ళకి ఎక్స్‌రే వీడియోలో మింగుడు మెరుగ్గా కనిపించింది. అరవై మంది అంటే పెద్ద పరిశోధనేమీ కాదు, నిజమే, కానీ మందు బిళ్ళతో అన్నిసార్లూ లొంగని ఇబ్బందికి ఇంట్లో కూర్చుని చేసుకోగల పని ఒకటి ఉందని అది చూపించింది. ఆపేస్తే బలం మెల్లగా తగ్గుతుంది కాబట్టి వదలకుండా చేయాలి. బీపీ అదుపులో లేనివాళ్ళు, హెర్నియా ఉన్నవాళ్ళు, ఈ మధ్య ఆపరేషన్ అయినవాళ్ళు డాక్టర్ని అడక్కుండా ముట్టుకోకూడదు. ఇంకో సంగతి, కోవిడ్ రోజుల్లో ఇంటింటికీ వచ్చిన మూడు బంతుల పరికరమూ ఇదీ ఒకటి కాదు, అది గాలి లోపలికి పీల్చడానికి, ఇది బయటికి ఊదడానికి. మా వీధిలోనే ఒకాయన ఆ బంతులు ఎగరేస్తూ మింగుడు వ్యాయామం చేస్తున్నాననుకుంటున్నారు.

మావారికి పూర్తిగా నయమైందా అంటే, ఈ జబ్బులో ఆ మాట ఎవరూ అనకూడదు. ఇప్పుడు భోజనం దగ్గర దగ్గు చాలా తగ్గింది, వచ్చినా గట్టిగా వస్తోంది, జ్వరాలు లేవు, నాకు అన్నం పెట్టేటప్పుడు ఉండే టెన్షన్ సగం పోయింది.

తిండి విషయంలో మన గోదావరి వంటకి తగ్గట్టు కొంత చెప్పాలి. ఆస్పత్రిలో ఇచ్చే కాగితంలో ఓట్స్, పుడ్డింగు అని ఉంటుంది, అది మనకి దేనికి? పల్చటి చారులో మెతుకులు విడివిడిగా తేలే అన్నం చాలా కష్టం, ఎందుకంటే నీళ్ళు ముందు జారతాయి, మెతుకు వెనక పడుతుంది. మెత్తగా కలిపి, కాస్త జారుగా, ఒకే తీరుగా ఉన్న ముద్దపప్పు నెయ్యి అన్నం నయం. అటుకులు, మరమరాలు, జంతికలు, పచ్చికొబ్బరి కోరు, ఆవకాయ టెంకలోని పీచు, పొడిపొడిగా ఉండే దిబ్బరొట్టె అంచు, వీటితో జాగ్రత్త. పులస సీజన్లో ఆశపడతారు, ముళ్ళు ఒకటికి రెండుసార్లు తీసి పెట్టండి. నీళ్ళు ఎంత చిక్కగా ఉండాలో థెరపిస్టు చెబుతారు, అందరికీ చిక్కన అక్కరలేదు, చిక్కన చేసిన నీళ్ళు నచ్చక తాగడం మానేస్తే మే నెల ఉక్కలో ఒంట్లో నీరు తగ్గి ఇంకో ప్రమాదం. వాలుకుర్చీలో, మంచం మీద జారగిలబడి తినిపించకండి, కుర్చీలో నిటారుగా కూర్చోబెట్టి, టీవీ ఆపి, చిన్న ముద్ద, అది పూర్తిగా దిగాకే ఇంకో ముద్ద, తిన్నాక కనీసం అరగంట పడుకోనివ్వకండి. రాత్రి నోరు శుభ్రంగా కడిగించండి, నోట్లోని క్రిములే ఉమ్మితో ఊపిరితిత్తుల్లోకి పోయేది. మందు పనిచేస్తున్న వేళలో భోజనం ఉండేలా చూసుకోండి, బిళ్ళకీ భోజనానికీ ఎంత ఎడం ఉండాలో డాక్టర్ని అడగండి, పప్పు, చేప, పెరుగులాంటివి బిళ్ళతో పాటే పడితే దాని పని తగ్గవచ్చు. బిళ్ళ దిగడం లేదని నూరి ఇచ్చేస్తున్నారు చాలామంది, నెమ్మదిగా కరిగేలా చేసిన రకం బిళ్ళలు నూరకూడదు.

దూలగొండి గురించి కూడా ఒక మాట. మా వైపు ఆ చూర్ణం వాడేవాళ్ళు చాలామంది ఉన్నారు. ఆ గింజల్లో లెవోడోపా ఉన్నది నిజం, డాక్టరు ఇచ్చే బిళ్ళలో ఉన్నదీ అదే, కాబట్టి రెండూ కలిపి వేస్తే మోతాదు ఎంతైందో ఎవరికీ తెలియదు, డాక్టరుకి తప్పక చెప్పండి. అంతకంటే ముందు, మింగుడు సరిగా లేని మనిషి నోట్లో పొడి చూర్ణం వేయడమే ప్రమాదం.

ఇంతా రాసి, థెరపిస్టు ఎక్కడ దొరుకుతారంటే చెప్పలేకపోతున్నాను, అదే నా అసలు ఫిర్యాదు. రాజోలు వైపు లంకల్లో ఉన్న ముసలాయన్ని, కాలు కదలని మనిషిని, రేవు దాటించి, ఆటో ఎక్కించి, బస్సులో యానాం మీదుగా కాకినాడో, అటు రాజమండ్రో వారం వారం తీసుకెళ్ళడం ఎవరివల్ల అవుతుంది? పిల్లలు హైదరాబాద్‌లోనో, గల్ఫ్‌లోనో ఉంటారు. నేను కాస్త చదువుకున్నదాన్ని, చేతిలో పెన్షన్ ఉంది కాబట్టి నెగ్గుకొచ్చాను. మా కొబ్బరి దింపు చేసే అతని తండ్రికీ ఇదే జబ్బు, అతనికి ఆ దారి లేదు.

ప్రభుత్వాన్ని కొత్త భవనాలేమీ కట్టమనడం లేదు. పిల్లల కోసం జిల్లాల్లో పెట్టిన సత్వర చికిత్సా కేంద్రాల్లో, డీఈఐసీ అంటారు, స్పీచ్ థెరపిస్టు పోస్టు నిబంధనల్లోనే ఉంది. ఆ పోస్టు ఖాళీగా ఉంచకుండా, వారంలో ఒక మధ్యాహ్నం పెద్దవాళ్ళ మింగుడుకి కేటాయించండి. 2010లో మొదలైన వృద్ధుల ఆరోగ్య కార్యక్రమం కింద జిల్లా ఆసుపత్రిలో పది పడకల వార్డు, ఫిజియోథెరపీ ఉండాలన్నారు, ఆ జాబితాలోకి ఈ చికిత్స కూడా చేర్చండి. మొదటిసారి మనిషిని చూసి పరీక్ష చేశాక, తర్వాత వ్యాయామం సరిగా చేస్తున్నారో లేదో వీడియోలో చూడవచ్చు, ప్రభుత్వం వారి వీడియో వైద్య సేవ ఈ-సంజీవని ఎలాగూ ఉంది, మా ఊరి ఆరోగ్య కేంద్రంలోనే కూర్చోబెట్టి చూపించవచ్చు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 రకాల వైకల్యాల్లో పార్కిన్సన్స్ కూడా ఉంది, ఈ సంగతి తెలియక సర్టిఫికెట్‌కి వెళ్ళనివాళ్ళు మా మండలంలోనే ఎందరో. బీపీ, షుగరు అడగడానికి ఇంటికి వచ్చే ఆశా కార్యకర్తలు, ఏఎన్‌ఎంలు పార్కిన్సన్స్ ఉన్న ఇంట్లో ఇంకో నాలుగు ప్రశ్నలు అడిగితే చాలు. తినేటప్పుడు, తాగేటప్పుడు పొలమారుతోందా, నీళ్ళు తాగాక గొంతు తడిగా వినపడుతోందా, భోజనానికి అరగంట దాటుతోందా, బరువు తగ్గారా, మధ్యమధ్య కారణం తెలియని జ్వరం వస్తోందా. నాలుగన్నాను, ఐదు వచ్చాయి, ఐదూ అడగండి.

నరాల డాక్టర్లకి కూడా చేతులు జోడించి చెబుతున్నాను, ఇబ్బంది ముదిరి ముక్కులో గొట్టం వేసే దశకి వచ్చాక థెరపిస్టు దగ్గరికి పంపితే నేర్చుకునే శక్తి రోగికి మిగలదు, జబ్బు తేలిన మొదటి ఏడాదిలోనే ఒకసారి పంపండి. ఈ ఉత్తరం మొత్తం వేయడానికి చోటు లేకపోతే, ఎడిటర్ గారూ, పైన చెప్పిన ఆ ఐదు ప్రశ్నలు ఒక్కటే జిల్లా పేజీలో పెద్ద అక్షరాలతో వేయండి, కత్తిరించి గోడకి అంటించుకోవడానికి వీలుగా.

ఇట్లు,
ఒక రిటైర్డ్ టీచరు,
అంబాజీపేట మండలం, కోనసీమ జిల్లా